బియ్యం గింజంత మగ్గం

దయ్యాలంటే భయం లేదని చెప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నా సంగతి అది కాదు. నాకు దయ్యాలంటే చిరాకు. ఎవరైనా "మా మేనత్తకు ఏమైందో తెలుసా" అని గొంతు తగ్గించగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకుంటాను. ముప్పై ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. రక్తం, కఫం, మూత్రం, మనిషిలోంచి వచ్చేదంతా గాజుపలక మీద పరిచి చూశాను. ఆత్మ ఎక్కడా తగల్లేదు.

అందుకే ఇది రాయడం నాకు ఇష్టం లేదు. చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటే ఈపాటికే పెదవి విరిచి ఉంటారు. విరవండి, తప్పులేదు. మీ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

నేనుండేది పెద్దపల్లిలో. ఉద్యోగం నుంచి రిటైరై ఏడాదిన్నర అవుతోంది. పోయిన చలికాలం ఒకరోజు హుజూరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు సూక్ష్మ కళల మ్యూజియం నడుపుతున్నాడట. పేరు రాజమౌళి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు కమిటీగా ఏర్పడి, ఒక పాత భవనం బాగుచేయించి, ఆయన బొమ్మలకు అందులో ఒక గది ఇద్దామనుకున్నారట. ఇంతలో కమిటీలోనే ఎవరో, ఆ గాజుపెట్టెల్లో అసలేమీ లేదు, ముసలాయన ఖాళీ పెట్టెలు చూపించి అందరినీ బురిడీ కొట్టిస్తున్నాడు అని లేవదీశారు.

కాబట్టి మైక్రోస్కోపు తెలిసినవాళ్లు ఒకరు వచ్చి, చూసి, కాగితం మీద రాసివ్వాలి. ఉన్నాయని రాస్తే గది ఇస్తారు. లేవని రాస్తే లేదు. ఆయన అద్దెకుంటున్న రెండు గదులు నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఆ పెట్టెలు ఎక్కడికి పోతాయన్నది ఎవరూ చెప్పలేదు. పాత సామాన్ల దుకాణానికేనని అర్థమైంది.

నేను ఒప్పుకున్నది సాయం చేద్దామని కాదు. లేవని రాద్దామనే. బియ్యం గింజ మీద నాయకుడి మొహం చెక్కి, ఆ నాయకుడికే తీసుకెళ్లి ఇచ్చి, శాలువా కప్పించుకుని, ఆ ఫొటో పేపర్లో వేయించుకునే కళ మీద నాకున్న గౌరవం కూడా బియ్యం గింజంతే. నేను రోజుకు యాభై స్లైడ్లు చూసేదాన్ని. మలేరియా పురుగు ఎర్రకణంలో చిన్న ఉంగరంలా కూర్చుంటుంది. దాన్ని పట్టుకున్నందుకు నాకెవరూ శాలువా కప్పలేదు. పైగా రిపోర్టు ఆలస్యమైందని తిట్టారు.

నా సొంత మైక్రోస్కోపు ఒకటుంది. పాతది, ఒంటికన్నుది, చెక్కపెట్టెలో ఉంటుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో హుజూరాబాద్ వెళ్లాను. పొద్దున పదిన్నరకు అక్కడ దిగాను. ఎండ బాగానే ఉంది. ఈ కథలో చీకటి ఎక్కడా లేదు, ముందే చెప్తున్నాను.

మ్యూజియం ఒక టైలర్ షాపు పైన ఉంది. బోర్డు మాత్రం రోడ్డు అవతలి నుంచే కనిపిస్తోంది. సూక్ష్మ కళ అన్న మాటను అంత పెద్ద అక్షరాలతో రాయించిన మనిషి ఎలాంటివాడో మెట్లెక్కకముందే నాకు తెలిసిపోయింది అనుకున్నాను.

లోపల రెండు గదులు, గోడల వెంట బల్లలు, బల్లల మీద గాజు మూతల కింద నల్లటి పలకలు. ఒక్కో పలక పక్కన ఒక భూతద్దం స్టాండు. గోడకు శాలువాల ఫొటోలు. నేను అనుకున్నట్టే ఉన్నాయి, లెక్కపెట్టలేదు.

రాజమౌళి సార్‌కు డెబ్బై అయిదు పైనే ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. నన్ను చూసి చేతులు జోడించాడు, కానీ నా వైపు కాదు, నా పక్కనున్న తలుపు వైపు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆయన భార్య కమలమ్మ చాయ్ తెచ్చింది. నాకు ఆ ఇంట్లో మొదట నచ్చింది ఆమే.

"బియ్యం గింజల మీద బొమ్మలేస్తడు మేడం, ఇంట్ల బియ్యం ఉన్నయా ఒడిసినయా ఎన్నడన్న చూసిండా అడుగుండ్రి" అంది.

"నీకేం తెల్సే" అన్నాడాయన, కోపం లేకుండా. యాభై ఏళ్లుగా అనుకుంటున్న మాటలని తెలుస్తూనే ఉంది.

మొత్తం ముప్పై రెండు పెట్టెలు. కిటికీ దగ్గర బల్ల మీద మైక్రోస్కోపు పెట్టి, పక్క నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి, ఒక్కో పలకా తెప్పించుకుని చూడడం మొదలుపెట్టాను. నలభై రెట్లు పెద్దగా చూపిస్తే ఎవరి బండారమైనా బయటపడుతుంది. అచ్చు వేసిందా, పోత పోసిందా, చేత్తో చెక్కిందా అన్నది అంచు చూస్తే చెప్పొచ్చు.

మొదటిది నువ్వు గింజ మీద ఏనుగు. ఉంది. చేత్తో చేసిందే, ఉలి జారిన గీత కూడా ఉంది. రెండోది పెన్సిల్ ముల్లుతో చేసిన గొలుసు. ఉంది. మూడోది ఆవగింజ మీద బతుకమ్మ. ఉంది గానీ పైవరస ఊడిపోయి పక్కన పడి ఉంది. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. దొంగను పట్టుకుందామని వెళ్తే మనిషి నిజాయితీపరుడని తేలడం లాంటి విసుగు అది.

ఏడో పెట్టెలో ఎడ్లబండి అన్నాడు. చూస్తే ఎద్దులున్నాయి, బండి లేదు. జిగురు మరక మాత్రం ఉంది.

"సార్, ఇక్కడ బండి లేదు" అన్నాను. గొంతులో సంతోషం దాచుకోలేదు.

"ఉన్నది మేడం. రెండు చక్రాలకు పన్నెండేసి ఆకులు. రోజు చూపిస్తనే ఉన్న అందరికి."

"మీరు చూడండి" అని కుర్చీ జరిపాను.

ఆయన వంగి కంటిని అద్దానికి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, "నాకు కనవడది మేడం. కంట్లె నరం ఎండిపోయింది, మూడేండ్లాయె" అన్నాడు. "యాది మీదనే చెప్తున్న."

అంటే మూడేళ్లుగా ఈయన ఎదురుగా ఏముందో తెలియకుండా, ఎప్పుడో చేసినదాన్ని తలుచుకుని, వచ్చినవాళ్లకు వర్ణించి చెప్తున్నాడు. వచ్చినవాళ్లు భూతద్దంలో ఏమీ కనపడకపోయినా ఆహా అని తలూపి పోతున్నారు. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో నాకు తేలలేదు. ఏడో నంబరు పక్కన "బండి లేదు" అని రాసుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి ముప్పై ఒకటి అయ్యాయి. ఇరవై ఎనిమిది బాగున్నాయి, మూడు పాడైపోయాయి. ముప్పై రెండోది అడిగితే సార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గా పెట్టె వద్దు మేడం. దాన్ని రాయకుండ్రి. పూర్తి కాలే."

"ఏముంది అందులో?"

"సాంచ. మా అక్కది సిరిసిల్ల, వాళ్లింట్ల చూసి మొదలువెట్టిన."

సాంచ అంటే మరమగ్గం. మా వైపు అందరూ అలాగే అంటారు. నేను పుట్టింది సిరిసిల్లలోనే, సాంచల చప్పుడులోనే పెరిగాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెబితే చుట్టరికం కలుపుతారని భయం. చూడొద్దన్నాడు కాబట్టి చూడాలనిపించింది, అంతే. పలక తెచ్చి అద్దం కింద పెట్టాను.

మగ్గం పొడవు బియ్యం గింజంత ఉంది. కర్రపుల్లతో చేసిన చట్రం. పట్టుపోగును విడదీసి, అందులోని ఒక్కొక్క సన్నపు దారాన్ని పోగుగా వేశాడు. ఒక చివర బట్ట, ఇంకో చివర బీము, అంటే నూలు చుట్టిన దుంగ. మధ్యలో పోగులు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. సాంచ మీద ఒక బీము నూలు అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. అప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. వంగి కూర్చుని ఒక్కడే అతకాలి. దాన్ని వైపని అంటారు. మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు బతుకంతా చేసింది ఆ పనే.

సార్ చెప్పింది ఏమిటంటే, బట్టవైపు పోగులు, బీమువైపు పోగులు ఎదురెదురుగా పరిచి, అతకడం తన వల్లకాక వదిలేశాడట. అతకకుండా ఉన్న పోగులు అరవై నాలుగు.

నేను చూసేసరికి అవి అతికి ఉన్నాయి.

అన్నీ కాదు. ఎడమ నుంచి మొదలై దాదాపు చివరిదాకా. కుడివైపు కొన్ని మాత్రం ఎదురెదురుగా విడివిడిగా ఉన్నాయి. ముసలాయన మతిమరుపు అనుకుని వంద రెట్ల కటకం తిప్పాను. అప్పుడు అతుకులు కనిపించాయి.

వైపని చేసేవాళ్లు రెండు కొసలూ కలిపి, బూడిద అద్దిన బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య నలిపి మెలిపెడతారు. అందరూ కుడిచేత్తో పెడతారు కాబట్టి మెలిక అందరిదీ ఒకే దిక్కుకు తిరుగుతుంది. మా బాపుకు కుడి బొటనవేలి కొస ఒక సాంచ గేరులో పోయింది. ఆయన ఎడమచేత్తో నలిపేవాడు. మెలిక అడ్డం తిరిగేది. అది జారకుండా తోకను వెనక్కి మడిచి ఇంకొక సగం మెలిక వేసేవాడు. సాంచలున్న సేట్లు దాన్ని దూరం నుంచి చూసి, "గిది నర్సయ్య అతుకు" అని చెప్పేవాళ్లు. మా బాపు పేరు నర్సయ్య.

ఆ పలక మీద ఉన్నవన్నీ అవే. మెలిక అడ్డం. తోక వెనక్కి. సగం మెలిక.

మైక్రోస్కోపులో బొమ్మ తలకిందులవుతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. తలకిందులైతే మెలిక దిక్కు మారదు. అద్దంలో ప్రతిబింబమైతే మారుతుంది, ఇది అది కాదు. అయినా నమ్మకం కుదరక నా చీర అంచు నుంచి ఒక దారం లాగి, రెండు ముక్కలు చేసి, ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో మెలిపెట్టి పక్కన పెట్టి చూశాను. పలక మీదున్నవి ఎడమచేతివే. కొన్ని అతుకుల మీద సన్నటి బూడిద రేణువులు కూడా ఉన్నాయి.

బాపు పోయి అప్పటికి రెండేళ్లు దాటింది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎవరో నన్ను ఆటపట్టిస్తున్నారని కోపం. సార్ కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని రోడ్డు వైపు చెవి పెట్టుకుని ఉన్నాడు. కమలమ్మ పాలకోసం కిందికి వెళ్లింది. గదిలో ఇంకెవరూ లేరు. ఫ్యాను నేనే ఆపించాను, పొద్దున్నే.

సరే, లెక్క రాద్దామనుకున్నాను. లెక్క నా వృత్తి. తెల్లకణాలు వంద లెక్కపెట్టి ఏ రకం ఎన్నో చెప్పే పని రోజూ చేసినదాన్ని. అతకని పోగులు లెక్కపెట్టాను. పద్నాలుగు. కన్ను తీసి కాగితం మీద పద్నాలుగు అని రాశాను.

మళ్లీ సరిచూసుకోవడం అలవాటు. చూశాను. పదమూడు.

తప్పు లెక్కపెట్టి ఉంటాననుకున్నాను. పద్నాలుగు కొట్టేసి పదమూడు రాశాను. మళ్లీ చూశాను. పన్నెండు. కొత్తగా అతికినదాని మీద బూడిద తెల్లగా కనిపిస్తోంది.

కళ్లద్దాలు తుడుచుకున్నాను. కటకం తుడిచాను. లేచి నీళ్లు తాగి వచ్చాను. చూశాను. పదకొండు.

నేను చూస్తున్నంతసేపు ఏమీ కదల్లేదు. ఆ విషయం కచ్చితంగా చెప్పగలను. కన్ను తీసి పెన్ను పట్టుకున్నప్పుడే, ఇటు తిరిగినప్పుడే. చూసేవాళ్లుంటే చేయి ఆగిపోయే మనిషి పని చేస్తున్నట్టు ఉంది. బాపు కూడా ఎవరైనా పక్కన నిలబడి చూస్తే అతికేవాడు కాదు, "జర అవుతలికి పో బిడ్డా" అనేవాడు.

ఆ తర్వాత నేను చేసింది చెప్తాను. మైక్రోస్కోపు బల్ల మీద స్లైడు జరగకుండా రెండు ఇనుప క్లిప్పులుంటాయి. పలక చిన్నది కాబట్టి అప్పటిదాకా వాటిని వాడలేదు. రెండింటినీ లాగి పలక రెండు వైపులా బిగించాను. బిగిస్తూ, "కదలకు, ఊకో" అన్నాను. పైకే అన్నాను.

"ఎవలతోని మేడం?" అన్నాడు సార్ కిటికీ దగ్గర నుంచి.

కంటిని అద్దానికి ఆనించాను. పదకొండు. కన్ను తీసి మళ్లీ చూశాను. పదకొండు. లేచి గది బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడి, కింద కుట్టుమిషన్ చప్పుడు కాసేపు విని, వచ్చి చూశాను. పదకొండే.

అప్పుడు అర్థమైంది నేను ఏం చేశానో.

బాపు ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నాడు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది, జ్వరం దిగలేదు. నేనే సూది ఎక్కించి సెలైన్ పెట్టాను. ఆసుపత్రికి ఎందుకు, నాకు తెలియని వైద్యమా అన్న పొగరు నాది. జ్వరంలో ఆయన రెండు చేతులూ పైకెత్తి గాలిలో పోగులు అతకడం మొదలుపెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు, నలపడం, వెనక్కి మడవడం. పొద్దున్నుంచి ఆపలేదు. సూది రెండుసార్లు ఊడిపోయింది.

మూడోసారి ఎక్కించాక నాకు విసుగొచ్చింది. "సాంచ లేదు, బీము లేదు, కదలకు, ఊకో బాపు" అని అరిచాను.

"జర ఆగు బిడ్డా, గిన్నే ఉన్నయ్" అన్నాడు.

గాజుగుడ్డ తెచ్చి రెండు మణికట్లనూ మంచం పట్టెలకు కట్టేశాను. చెరొక వైపు. వార్డుల్లో రోజూ చూసేదే, నాకేం కొత్త కాదు. కట్టి వెళ్లి అన్నం తిన్నాను. తిని వచ్చేసరికి వేళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి. కానీ రెండు చేతులూ కలవడం లేదు. నేను చూసి, సెలైన్ సరిగా పోతోందని తృప్తిపడి, టీవీ ముందు కూర్చున్నాను. నాలుగింటికి చూస్తే బాపు లేడు.

ఎవరూ రాకముందే కట్లు విప్పేశాను. మణికట్ల మీద ఎర్రటి చారలుంటే చొక్కా చేతులు కిందికి దించాను. అవ్వకూ, అంటే మా అమ్మకూ, తమ్ముడికీ, "నిద్రల్నే పోయిండు" అని చెప్పాను. నాలాంటి చదువుకున్న బిడ్డ దగ్గర పోవడం ఆయన అదృష్టమని అందరూ అన్నారు. నేను విన్నాను. ఇన్నాళ్లూ ప్రపంచంలో అందరినీ చీదరించుకుంటూ తిరిగాను గానీ, ఆ పని చేసిన మనిషి గురించి ఒక్క మాట అనలేదు.

క్లిప్పులు తీసేశాను. పలకను అలాగే వదిలి, సార్ పక్కన కూర్చుని గోడ వైపు చూస్తూ ఉన్నాను. చూడకుండా ఉండాలని. అరగంట పైనే కూర్చున్నాను. లోపల "కానియ్ బాపు, కానియ్" అనుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, అనుకున్నాను. వెళ్లి చూశాను. పదకొండు పోగులు అలాగే ఉన్నాయి.

సార్‌ను అడిగాను, మీరే ఎప్పుడో అతికి మరిచిపోయారా అని.

"నాకు అతకరాదు మేడం. సాంచ చేసిన, పోగులు పరిచిన, గంతే. వైపని వేరేటోళ్లు చేసేదేనాయె" అన్నాడు. ఆగి, "అతికి ఉన్నయా?" అని అడిగాడు.

"ఉన్నాయి సార్. పదకొండు తప్ప."

ఆయన మొహం వెలిగిపోయింది. ఎవరు, ఎప్పుడు, ఎలా అని ఒక్క ప్రశ్న లేదు. "మంచిగ చేసిండ్రా?" అన్నాడు.

ఇలాంటి మనుషులంటేనే నాకు ఒళ్లుమంట. చెప్పిందల్లా నమ్మేస్తారు. ఆ క్షణాన మాత్రం ఆయన నమ్మకపోతే నేను తట్టుకోలేకపోయేదాన్ని. "చాలా మంచిగ చేసిండ్రు సార్" అన్నాను. నా నోట సిరిసిల్ల మాట అప్పుడు వచ్చింది. నర్సయ్య అనే వైపని మనిషి తెలుసా అని కూడా అడిగాను. తెలియదన్నాడు. వాళ్ల అక్క ఇల్లు ఉన్న వాడకట్టు వేరు, బాపు పనిచేసిన వాడకట్టు వేరు. కానీ సిరిసిల్ల ఎంత ఊరు. ఎప్పుడో ఎక్కడో ఆయన చేతిపని ఈయన కళ్లబడి ఉండొచ్చు. నేను ఇప్పటికీ పట్టుకుని వేలాడుతున్న వివరణల్లో అదొకటి.

ఇంకా ఉన్నాయి. తేమకు పట్టుదారం తనంతట తానే మెలితిరుగుతుంది. నిజమే. కానీ తోక వెనక్కి మడిచి సగం మెలిక వేసుకోదు. బూడిద అద్దుకోదు. నేనే లెక్క తప్పి ఉంటాను. మూడుసార్లు, ఒక్కోటి తగ్గిస్తూ తప్పి ఉంటాను. సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటుంది, క్లిప్పులు బిగించాక తీసింది. అందులో పదకొండే కనిపిస్తాయి. పద్నాలుగు అన్నదానికి నా కాగితం మీద కొట్టివేత తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు. ఇదే ఇంకొకరు చెప్పి ఉంటే నేను చాయ్ పెట్టుకోవడానికి లేచి వెళ్లిపోయేదాన్ని.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఏమీ మారలేదు. అది ఏమిటో నాకు తెలియదు. తెలియదు అన్న మాట నా రిపోర్టుల్లో ఎప్పుడూ రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

సార్‌కు గది దొరికింది. కమిటీ వాళ్లు నా కాగితంలో కింద సంతకం ఉందో లేదో చూసుకున్నారు తప్ప పైన ఏముందో చదివినట్టు లేదు. చదివి ఉంటే ఫోన్ వచ్చేది. అందరి మీదా ఉన్న చిన్నచూపు వాళ్లమీద కూడా ఉంది నాకు, కానీ ఈసారికి వాళ్ల బద్ధకానికి దండం పెట్టాను.

ఎందుకంటే ఆ రోజు సాయంత్రం బస్సెక్కకముందు, టైలర్ షాపు మెట్ల మీద కూర్చుని ఆ కాగితం నింపాను. వాళ్లే గళ్లు గీసి ఇచ్చారు. వస్తువు, చేసినవారు, స్థితి, అసంపూర్తిగా ఉంటే కారణం. ముప్పై రెండో వరుస వదిలేయమని సార్ చెప్పాడు. వదిలేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. రాస్తే నన్ను పిచ్చిదాన్నని అనుకుని మిగతా ముప్పై ఒకటీ చెత్తబుట్టలో వేసినా వేస్తారు, ముసలాయన గది పోతుంది. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. బస్సు ఒకటి వెళ్లిపోయింది.

చివరికి రాశాను. వస్తువు: మగ్గం. చేసినవారు: మగ్గం రాజమౌళి, వైపని నర్సయ్య. స్థితి: పదకొండు పోగులు అతకలేదు. కారణం అన్న గడిలో "చేతులు కట్టేశారు" అని రాశాను. రాసి చదువుకుంటే అది కూడా అబద్ధమే అనిపించింది. కొట్టేసి, "చేతులు కట్టేశాను" అని రాసి, కింద సంతకం పెట్టాను.